పద్నాలుగో గుంతలో రాళ్లు

పెనుకొండ దాటి హిందూపురం వైపు పోతుంటే, పెద్ద రోడ్డుకు కొంచెం లోపలగా ఒక గోల్ఫ్ మైదానం ఉంది. దాని వెనక సగానికి నేను సూపర్‌వైజర్‌ని. ముందు సగానికి ఇంకొకతను ఉన్నాడు.

గోల్ఫ్ తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఆ ఆటలో బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరంగా ఉన్న చిన్న బొక్కలో వేయాలి. ఆ బొక్కను హోల్ అంటారు, అలాంటివి పద్దెనిమిది ఉంటాయి: మొదటి తొమ్మిది ముందు సగం, మిగతావి వెనక సగం. దారిలో ఆటగాణ్ణి తిప్పలు పెట్టడానికి అక్కడక్కడా పెద్ద గుంతలు తవ్వి ఇసుక నింపి ఉంచుతారు. వాటిని బంకర్లంటారు. మా దగ్గర పనిచేసే ఆడవాళ్లు ఇసుక గుంతలంటారు. బంతి అందులో పడితే ఆటగాడు ఇసుకలోకి దిగి, ఇసుకతో సహా బంతిని ఎగరగొట్టాలి. ఆ ఇసుకలో రాయి ఉంటే కర్ర మొన గీసుకుపోతుంది. లేకపోతే రాయే ఎగిరి ఎవరికో తగులుతుంది. కాబట్టి బంకర్లో రాయి ఉండకూడదు. నా ఉద్యోగంలో సగం ఇదే.

వెనక సగంలో పద్నాలుగో హోల్ ఉన్న నేల ఒకప్పుడు మాది. మా తాత కాలంలో దాన్ని పెద్దచేను అనేవాళ్లు. ఒక మూలన బావి, బావి మీద కపిల ఉండేవి. కపిల అంటే ఎద్దుల చేత తోలుసంచిని లాగించి నీళ్లు తోడే ఏర్పాటు. తాత పోయాక మా నాయన ఆ చేను అమ్మి, ధర్మవరంలో పట్టుచీరల అంగడి పెట్టాడు. అంగడి నిలవలేదు. చేను రెండు మూడు చేతులు మారి చివరికి మైదానంలో కలిసింది. బావి పూడ్చారు. గట్లు తీసేశారు. ఇప్పుడు అక్కడ పచ్చటి గడ్డి, బావి ఉన్న మూలన ఒక పెద్ద ఇసుక గుంత. అక్కడ నిలబడితే పెనుకొండ కొండ మొత్తం కనిపిస్తుంది. వచ్చిన ప్రతి ఆటగాడూ అక్కడే ఫోటో తీసుకుంటాడు.

ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ధర్మవరంలో మా అత్తగారి వైపు వాళ్లు నవ్వుకున్నారని నా చెవిన పడింది. అమ్ముకున్న చేన్లోకే జీతానికి పోతున్నాడని అన్నారట. నేను వాళ్లకు జవాబు చెప్పవలసి వస్తే ఇది చెప్పేవాణ్ణి: చేను మాది కాకపోయినా, ఆ నేల మీద ఎవరు ఎక్కడ నిలబడి ఏం చేయాలో చెప్పే మనిషి మా ఇంటివాడే. అది నాకు చాలు. అది పోతే మాత్రం నాకు ఇక్కడ పని లేదు.

ముందు సగం చూసే అతను హిందూపురం నుంచి మోటార్ సైకిల్ మీద వస్తాడు. నాకంటే చిన్నవాడు. వాళ్ల తాత మా పెద్దచేన్లో కపిల తోలేవాడు. వాళ్ల నాయన చిన్నప్పుడే ఊరు వదిలి హిందూపురంలో మిల్లు పనికి పోయాడు. అక్కడే ఇతను పుట్టి పెరిగి, ఏదో డిప్లొమా చదివి, నా తర్వాత ఇక్కడ చేరాడు. చేరిన మొదటి రోజే ఆఫీసు గదిలో నలుగురి ముందు, టీ గ్లాసు చేతిలో పట్టుకుని అన్నాడు:

"మా తాత ఈ అన్నోళ్ల చేన్లోనే కపిల తోల్యాడంట. మా నాయన ఎప్పుడూ చెప్తాంటాడు."

నవ్వుతూ అన్నాడు. నిజానికి ఆ మాట నా దగ్గర ఉండాల్సింది. ఎప్పుడైనా అవసరం వస్తే, గొంతు తగ్గించి, ఒకరిద్దరి దగ్గర మాత్రమే వాడాల్సింది. దాన్ని అతనే ముందుగా బయటపెట్టి, టీ తాగేసి, గ్లాసు కడిగి పెట్టి పోయాడు. నా చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ రోజు నుంచి అతన్ని చూస్తే నా కడుపులో ఒక మంట ఉంది. దాన్ని ఇంకో పేరుతో పిలవాలని చాలా ప్రయత్నించాను. అసూయ అనే మాటే సరిపోయింది.

అతని బంకర్లలో రాళ్లుండవు. అందులో అతని గొప్పతనం ఏమీ లేదు. ముందు సగం ఒకప్పుడు వంక పారిన నేల. తవ్వితే ఒండ్రు తప్ప ఏమీ రాదు. నా సగం గుట్ట పక్క నేల. గోరుతో గీకినా రాయి తగులుతుంది. ఈ సంగతి మేనేజర్‌కి ఎన్నోసార్లు చెప్పాను. ఆయన తుమకూరు వైపు మనిషి, తెలుగు కన్నడం కలిపి మాట్లాడతాడు. విని తల ఊపుతాడు. తర్వాత ముందు సగానికి పోయి అతని భుజం తడతాడు. అది నేను దూరం నుంచి చూస్తాను.

ఇంకొకటి కూడా చూస్తాను. మధ్యాహ్నం పూట పనివాళ్ల షెడ్డు నీడలో ఆడవాళ్లు సంగటి ముద్దలు విప్పుతారు. వాళ్లు మైదానం వెనక ఉన్న పల్లె నుంచి వస్తారు. వాళ్ల అవ్వలు, తాతలు మా చేన్లలో పనిచేసినవాళ్లే. అతను వాళ్ల మధ్యకు పోయి గొంతుక్కూర్చుంటాడు. ఎవరో ఒకరు ఇంత వేరుశనగ ఊరిబిండి పచ్చడి అతని అరచేతిలో పెడతారు. అతను వేలితో నాకుతూ, ఉప్పు తక్కువైందని వంక పెడతాడు. అందరూ నవ్వుతారు. అదే నేను ఆ పక్కకు పోతే, పైటలు సర్దుకుని లేచి నిలబడతారు. అది గౌరవమే. నాకు తెలుసు. అయినా వాళ్లు లేవకుండా కూర్చుని ఉంటే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని నాకు చాలాసార్లు అనిపించింది.

కానీ నేను గొంతుక్కూర్చోలేను. మా ఇంట్లో మగవాళ్లకు వెన్ను వంచే అలవాటు లేదు. అంగడి మూసేసిన రోజు కూడా మా నాయన ధర్మవరం బజారులో నడి వీధిన నిటారుగా నడిచి ఇంటికి వచ్చాడు. చిన్నప్పుడు నేను కొంచెం వంగి కూర్చుంటే వెనక నుంచి వేలితో పొడిచేవాడు. ఇప్పటికీ ఎవరో పొడుస్తున్నట్టే ఉంటుంది. అందుకే నేను బంకర్లోకి దిగను. గట్టు మీద నిలబడి చెబుతాను.

నా సగంలో మిగతా బంకర్లు ఎలాగో దారికి వచ్చాయి. సోమవారం ఆట ఉండదు. ఆ రోజు ఆడవాళ్లు ఇసుకంతా జల్లెడ పట్టి, రాళ్లు ఏరి, మళ్లీ పోస్తారు. అడుగున గుడ్డ పరిచాం. అంచులు గట్టి చేశాం. దాంతో రాళ్లు ఆగిపోయాయి, ఒక్క పద్నాలుగో దాంట్లో తప్ప. సోమవారం శుభ్రం చేస్తే వారం మధ్యకల్లా మళ్లీ రాళ్లు ఉండేవి. గుడ్డ తీసి కొత్తది వేయించాను. వాన నీళ్లు లోపలికి రాకుండా చుట్టూ కాలువ తీయించాను. అయినా వచ్చేవి. కోడిగుడ్డంత రాళ్లు. పొద్దున్నే ఇసుక దువ్వే బండి వచ్చి పైన చదును చేసి పోతుంది కాబట్టి అవి ఇసుక కింద దాక్కుని ఉండేవి. ఆటగాడి కర్రకు తగిలితే గానీ తెలిసేది కాదు.

ఒకరోజు తగిలింది. బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కొట్టిన దెబ్బకు రాయి ఎగిరి పక్కనే నిలబడిన ఆయన స్నేహితుడి మోకాలి చిప్ప కింద తగిలింది. రక్తం కొంచెమే వచ్చింది. గొడవ మాత్రం పెద్దదైంది.

సాయంత్రం మేనేజర్ మా ఇద్దర్నీ పిలిచాడు. త్వరలో ఒక పెద్ద పోటీ ఉంది, బయటి ఊళ్ల నుంచి ఆటగాళ్లు వస్తారు. అప్పుడు ఇలాంటిది జరిగితే మైదానం పేరు పోతుందని చాలాసేపు చెప్పాడు. తర్వాత నా వైపు చూడకుండా, ఇకనుంచి నేను ముందు సగం చూసుకోవాలని, అతను వెనక సగం చూసుకుంటాడని అన్నాడు.

నేను కుర్చీలో నిటారుగానే కూర్చున్నాను. పెద్దచేను మళ్లీ పోతోంది. ఈసారి అమ్మకుండానే పోతోంది, అదీ కపిల తోలినవాడి మనవడి చేతికి.

అప్పుడు అతనే మాట్లాడాడు.

"అన్న సగం అన్నకే ఉండనీండి సార్. కావాలంటే ఆ ఒక్క గుంత నేనొచ్చి చూసిపోతా. అన్న ఏమీ అనుకోడు."

తిట్టి ఉంటే భరించేవాణ్ణి. నా నేల మీద నాకు చోటు ఇప్పించడానికి అతను సిఫారసు చేస్తున్నాడు. నేను లేచి నిలబడి, పోటీ ముందు రోజు సాయంత్రం మేనేజరే స్వయంగా వచ్చి ఆ బంకర్లో ఇసుక తిరగేసి చూడవచ్చని, ఒక్క రాయి దొరికినా ఆ సగం ఇంకెవరికైనా ఇచ్చేయవచ్చని చెప్పాను. మేనేజర్ కొంచెం ఆలోచించి ఒప్పుకున్నాడు. బయటికి వస్తుంటే అతను నా పక్కన నడుస్తూ, ఏమన్నా సాయం కావాలంటే చెప్పమన్నాడు. నేను అక్కర్లేదన్నాను.

ఆ వారం ఏరిన రాళ్లను దగ్గర పెట్టుకుని చూశాను. ఇంతకుముందు నేను వాటిని చేతిలోకి తీసుకుని చూడలేదు. చూస్తే వాటికి ఎర్రమన్ను అంటి ఉంది. మా బంకర్ అడుగున ఎర్రమన్ను లేదు. గుడ్డ, దాని కింద కంకర. అంటే ఇవి కింద నుంచి పైకి వచ్చిన రాళ్లు కావు. బయట నుంచి ఎవరో తెచ్చి వేస్తున్నారు.

ఎవరన్న ప్రశ్నకు జవాబు నాకు ముందే సిద్ధంగా ఉంది. పద్నాలుగో హోల్ మీద ఎవరికి కన్ను ఉందో, ఎవరు అంత మంచిగా మాట్లాడారో, రాళ్లు దొరికితే ఎవరికి లాభమో అన్నీ కలిపి చూసుకున్నాను. అన్నీ అతని వైపే చూపించాయి. నాకు బాధ కలగలేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. అతను చెడ్డవాడైతే నా మంటకు ఒక న్యాయం ఉంటుంది.

మరునాడు తెల్లవారుజామున, ఇంకా మసకగా ఉండగానే, పెనుకొండలో నేను అద్దెకుండే ఇంటి నుంచి బయలుదేరి పోయి, పద్నాలుగో హోల్ దగ్గర నీళ్ల పంపు గది వెనక నిలబడ్డాను. అక్కడ కంచెకు ఒక చిన్న గేటు ఉంది. పల్లె నుంచి పనికి వచ్చే ఆడవాళ్లు ఆ గేటు నుంచే లోపలికి వచ్చి, మైదానం దాటి ఆఫీసు దగ్గరికి పోయి హాజరు వేయించుకుంటారు. నేను రోజూ ఆ ఆఫీసు దగ్గరే నిలబడి ఉంటాను కాబట్టి వాళ్లు దారిలో ఏం చేస్తారో ఎప్పుడూ చూడలేదు. గేటు పక్కన ఒక కుళాయి ఉంది. కుళాయికి పది అడుగుల దూరంలో బంకర్ అంచు.

అతను రాలేదు. ఆడవాళ్లు వచ్చారు.

ఒకరి వెనక ఒకరు గేటు దాటి, కుళాయి దగ్గర సీసాలు నింపుకున్నారు. కొందరు దోసిలి పట్టి తాగారు. తాగిన ప్రతి మనిషీ కొంగు ముడి నుంచో, చేతి సంచి నుంచో ఒక రాయి తీసి, బంకర్ అంచున ఇసుకలో మెల్లగా పెట్టి ముందుకు నడిచింది. విసరలేదు. దేవుడి ముందు కొబ్బరికాయ పెట్టినట్టు వంగి పెట్టారు. మాటలు మాత్రం ఆపలేదు. ఎవరింట్లోనో బర్రె ఈనిందని, జున్నుపాలు పంపలేదని చెప్పుకుంటూనే పెట్టారు.

నాకు ఒక్కసారిగా అర్థమైంది. అర్థమై, ఒళ్లు పులకరించింది.

మా ఇంట్లో చిన్నప్పటి నుంచి చెప్పే ఒక సంగతి ఉంది. పల్లె నుంచి పెనుకొండకు నడిచిపోయే దారి మా పెద్దచేను మీదుగా ఉండేది. దారిన పోయేవాళ్లు బావి దగ్గర ఆగి నీళ్లడిగేవాళ్లు. మా తాత ఒక పద్ధతి పెట్టాడని చెబుతారు. చేన్లో ఒక రాయి ఏరి, బావి పక్కన కుప్ప మీద పెట్టి, నీళ్లు తాగి పోవాలి. అలా ఏళ్ల తరబడి దారిన పోయేవాళ్లే చేన్లో రాళ్లన్నీ ఏరేశారట. దాహం తీర్చినట్టూ అయింది, చేను బాగుపడినట్టూ అయింది. మా తాత తెలివికీ ధర్మానికీ ఇదే గుర్తుగా మా నాయన చెప్పేవాడు. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో మేనేజర్‌కు చెప్పాను. ఆ రాళ్ల కుప్ప నేను చూశాను, మనిషెత్తు ఉండేది. మైదానం చదును చేసినప్పుడు యంత్రాలతో తీసేశారు. కుప్పతోపాటే ఆ అలవాటు కూడా పోయిందనుకున్నాను.

పోలేదు. కుప్ప ఉన్న తావులోనే బంకర్ తవ్వారు. వీళ్లు ఇంకా పెడుతున్నారు. మా చేను పోయింది, బావి పోయింది, అంగడి పోయింది, కానీ మా తాత పేరున ఈ పల్లె ఆడవాళ్లు రోజూ ఒక రాయి పెడుతున్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

పంపు గది వెనక నుంచి బయటికి వచ్చాను. వాళ్లు నన్ను చూసి ఆగిపోయారు. అందరికంటే పెద్దామె ముందుకు వచ్చింది. ఆ గుంపుకు ఆమే మేస్త్రి. ఆమె దగ్గర మిగతావాళ్లు నోరెత్తరు. తప్పు దొరికిపోయినట్టు ఆమె ముఖంలో ఏమీ లేదు.

నేను కోప్పడలేదు. సోమవారం మీరే జల్లెడ పట్టి ఏరతారు, మళ్లీ మీరే ఎందుకు పెడుతున్నారని మెల్లగా అడిగాను.

"ఏరేది కూలికి సామీ," అంది. "పెట్టేది నీళ్లకి."

మా తాత పేరు ఇన్నేళ్లూ నిలబెట్టినందుకు వాళ్లకు ఏదైనా చెప్పాలనుకున్నాను. ఆ మాటే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మీ తాతకి కాదు సామీ. కపిల తోలినాయనకి."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది. మా తాత ఎవరికీ నీళ్లు ఇవ్వొద్దన్నాడట. చేనికే చాలడం లేదు, ఊళ్లోవాళ్లందరికీ పోస్తే పైరు ఎండుతుందని అన్నాడట. కపిల తోలే ఆయన ఆ మాట దాటలేక, దాహమని వచ్చినవాళ్లను పొమ్మనలేక, ఒక ఉపాయం చేశాడట. రాయి ఏరి పెట్టి తాగమన్నాడట. మా తాత వచ్చి అడిగితే కుప్ప చూపించి, వీళ్లు ఊరికే తాగడం లేదు, నీ చేను బాగుచేస్తున్నారని చెప్పుకోవడానికి.

"నువ్వు చిన్నపిల్లవు అప్పుడు. నీకెట్లా తెలుసు?" అన్నాను.

"నేను తాగినా సామీ. మాయమ్మ సంకన బిడ్డతో ఉండాది. ఆయనే రాయి ఏరి నా చేతికిచ్చి, పెట్టు పాపా అన్యాడు. మీ తాత ఆ పొద్దు గట్టు మీదే నిలబడి ఉండాడు."

గట్టు మీద నిలబడి ఉన్నాడంటే నమ్మాను. మిగతాది నమ్మాలా వద్దా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. పనివాడు చెప్పిన ఉపాయం బాగుందని ఒప్పుకోవడం కూడా యజమాని గొప్పతనమే కదా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కానీ అక్కడ నిలబడినప్పుడు నాకు కలిగింది ఒక్కటే. నేను పుట్టకముందే పోయిన ఒక మనిషి మీద అసూయ. మా తాతకు పెనుకొండలో రాతి ఇల్లుండేది, పేరుండేది, ఆయన వస్తే లేచి నిలబడే మనుషులుండేవాళ్లు. ఆయన పోయాక ఒక్కరూ ఒక్క రాయి పెట్టలేదు. ఎద్దుల వెనక నడిచిన మనిషికి మాత్రం, ఆయన ముఖం కూడా చూడని పల్లె కోడలు పిల్లలు పొద్దున్నే వంగి పెట్టి పోతున్నారు.

నేను అడగాలనుకున్నది అడిగాను. ఆయన మనవడు ముందు సగం చూస్తున్నాడు కదా, అతనికి ఇది తెలుసా అన్నాను.

"తెలీదు పాపం. హిందూపురంలో పెరిగిన బిడ్డ. మేం చెప్పలేదు. ఆయప్పకు చెప్పేదానికి ఏముండాది, ఇది మా దాహం సంగతి."

అప్పుడు నా ఉద్యోగం గుర్తొచ్చింది. రాళ్లు పెట్టడం ఆపాలని, ఆపకపోతే ఈ గుంత నా చేతి నుంచి పోతుందని చెప్పాను. ఆమె కాదనలేదు. వెనక్కి తిరిగి మిగతావాళ్లతో ఏదో మాట్లాడింది. మళ్లీ నా వైపు తిరిగింది.

"వేరే తావు చూపియ్యి సామీ. మీ చేన్లో ఇంగా యాడన్నా మిగిలుంటే చెప్పు, ఆడ పెడతాం."

ఆమె నన్ను కించపరచాలని అనలేదు. ఆమెకు నిజంగానే తెలియదు. మాకు ఎక్కడో ఒక మూల ఇంకా కొంచెం ఉంటుందనుకుంది. అంత పెద్ద ఇంటివాళ్లకు పూర్తిగా ఏమీ లేకుండా పోతుందని ఆమెకు తోచలేదు. నేను కొండ వైపు చూశాను, కంచె అవతల బీళ్ల వైపు చూశాను. చూపించడానికి ఏమీ లేదు. లేదని నోటితో అనలేకపోయాను. ఆలస్యమవుతోంది, హాజరుకు పొమ్మన్నాను.

ఇంక నా ముందు ఉన్న దారులు కొన్నే. మేనేజర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పవచ్చు. చెబితే ఆయన ఆ గేటు మూయిస్తాడు, ఆడవాళ్లు మైదానమంతా చుట్టి రావాలి. అంతకంటే ముందు ఆ రాళ్లు ఎవరి పేరున పెడుతున్నారని అడుగుతాడు. ముందు సగం అతన్ని పిలుస్తాడు. మీ తాత పేరునేనట, నువ్వే వాళ్లకు నచ్చజెప్పమంటాడు. అతను పోయి వాళ్ల మధ్య గొంతుక్కూర్చుని, నవ్వుతూ చెబుతాడు. వాళ్లు వింటారు. వెనక సగం అతనిదవుతుంది. చేనూ, రాళ్లూ, తాతా, అన్నీ అతనివే అవుతాయి. అంత నేను ఇవ్వదలచుకోలేదు.

కాబట్టి ఆ మరునాటి నుంచి తెల్లవారుజామునే వచ్చి పంపు గది దగ్గర నిలబడేవాణ్ణి. ఆడవాళ్లు రావడం, తాగడం, పెట్టడం, పోవడం అయ్యేదాకా ఆగేవాణ్ణి. తర్వాత చెప్పులు గట్టు మీద విడిచి, ప్యాంటు పైకి మడిచి, ఇసుకలోకి దిగేవాణ్ణి. మొదటిరోజు వంగితే మోకాళ్లు పటపటమన్నాయి. వెనక నుంచి ఎవరో వేలితో పొడుస్తారేమోనని నడుము దానంతటదే లేచి నిలబడింది. మళ్లీ వంచాను. పొద్దున పూట ఇసుక చల్లగా ఉంటుంది. పైన ఉన్నవి సులభంగా దొరికేవి. కూరుకుపోయిన వాటి కోసం చేత్తో దేవేవాణ్ణి. ఇసుక దువ్వే బండి వచ్చేలోగా ముగించాలి.

ఏరినవాటిని కంచె అవతల బీట్లోకి విసిరేవాణ్ణి. ఒకదాన్ని ఒక వైపు, ఇంకోదాన్ని ఇంకో వైపు. రెండు ఒక దగ్గర పడకుండా చూసుకునేవాణ్ణి. రోజూ ఒకే చోట వేస్తే కొన్నాళ్లకు అది కుప్ప అవుతుంది. ఆ కుప్ప నా చేత్తో కట్టినట్టవుతుంది. అది నాకు ఇష్టం లేదు.

ఒకరోజు మేస్త్రి అవ్వ ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చింది. నేను ఇసుకలో వంగి ఉన్నాను. చూసి ఆగింది. వాళ్లు పెట్టినవి నేను తీసేస్తున్నందుకు ఏమన్నా అంటుందనుకున్నాను. ఏరేది వాళ్లకు ఎప్పుడూ తప్పు కాదు కదా. పోతూ పోతూ మాత్రం, ఆ కపిల తోలినాయన కూడా ఇట్లే, మబ్బుల్లోనే, తెల్లారకముందే వచ్చి, ఎద్దులు కట్టకముందే వంగి రాళ్లేరేవాడని చెప్పింది. మెచ్చుకున్నట్టే చెప్పింది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

పోటీ ముందు రోజు సాయంత్రం మేనేజర్ వచ్చాడు. బూట్లు విప్పి, తనే ఇసుకలోకి దిగి, ఇసుక దువ్వే దంతెతో నాలుగు వైపులా లాగి చూశాడు. ముందు సగం అతను కూడా వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. నేను పక్కన నిలబడ్డాను. అతని చేతులు చూశాను. శుభ్రంగా ఉన్నాయి. నా గోళ్లలో ఇసుక ఉంది. చేతులు వెనక్కి కట్టుకున్నాను. రాయి దొరకలేదు. మేనేజర్ సంతోషించి, ఏం మాయ చేశావప్పా అన్నాడు. అతను నాకంటే ఎక్కువ సంతోషించి నా చేయి పట్టుకుని ఊపాడు. పోటీ బాగా జరిగింది. వెనక సగం నా దగ్గరే ఉంది.

ఇది ముగిసిన విషయం కాదు. ఆడవాళ్లు ఇప్పటికీ పెడుతున్నారు, నేను ఏరుతున్నాను. ఇంట్లో నా భార్య, ఇంత పొద్దున్నే ఏం పని అంటే, నీళ్లు పట్టించే పని అని చెబుతాను. నడుము నొప్పికి ధర్మవరం నుంచి ఏదో తైలం తెప్పించి ఇచ్చింది.

మొన్న ఒకరోజు అతను ఎందుకో తొందరగా వచ్చాడు. ముందు సగంలో పైపు పగిలిందట, దాని వాల్వు మా పంపు గదిలో ఉంది. అప్పటికే ఆడవాళ్లు వచ్చి పోయారు. నేను చెప్పులు విడవబోతూ అతని బండి చప్పుడు విని ఆగాను. వాల్వు కట్టేసి, చేతులు తుడుచుకుంటూ, గేటు పక్కన కుళాయి దగ్గరికి పోయాడు. దోసిలి పట్టి చాలాసేపు తాగాడు. తాగుతూనే నా వైపు తిరిగి అడిగాడు:

"మా తాత కపిల తోల్యింది యాడన్నా? మా నాయనకు ఈ మధ్య ఒంట్లో బాగలేదు. ఒకతూరి ఆ తావు చూడాలంటాండాడు. నువ్వయితే చెప్తావని చెప్పినా."

అతను నిలబడ్డ చోటు నుంచి బంకర్ అంచు కనిపిస్తోంది. ఇసుకలో ఆ పొద్దున పెట్టిన రాళ్లు ఇంకా ఉన్నాయి. ఎర్రమన్ను తడి కూడా ఆరలేదు. అతను వాటిని చూశాడు. వాటి గురించి ఏమీ అడగలేదు. అవి నా సగంలో రాళ్లు, నా తలనొప్పి. మర్యాదగా చూపు తిప్పుకున్నాడు.

"అంతా చదును చేసేసినారప్పా," అన్నాను. "ఆనవాలు లేదు."

అతను సరే అన్నట్టు తల ఊపాడు. ముఖం కడుక్కుని, చొక్కా చేత్తో తుడుచుకున్నాడు. నాయనకు అదే చెబుతానని, ఊరికే ఇంత దూరం తీసుకొచ్చి తిప్పడం ఎందుకులే అని అన్నాడు. కుళాయి గట్టిగా కట్టి, బంకర్ పక్క నుంచే, వట్టి చేతులతో నడిచి పోయాడు.

ఆ కుళాయి దగ్గర నీళ్లు తాగి రాయి పెట్టకుండా పోయిన మనిషి నాకు తెలిసి అతనొక్కడే. బండి చప్పుడు ముందు సగం వైపు పోయేదాకా విన్నాను. తర్వాత ఇసుకలోకి దిగాను.